లేని దురాయి

తుఫాను షెల్టరు ముందు వేసిన షామియానా కింద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. అధికారి మైకు పక్కకు జరిపి, గొంతు పెంచి అడిగాడు: "ఈ ఊళ్ళో దురాయి అనేది ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి." ముందు వరసలో ఉన్న పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని "లేదండీ" అన్నారు. "లేదన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడాయన. చేతులు లేచాయి. ముందు మగవాళ్ళవి, ఆ వెనక ఆడవాళ్ళవి. దూరంగా సరుగుడు చెట్ల దగ్గర, జనంలో ఎవరి పక్కనా కాకుండా నిలబడి ఉన్న ఒక మనిషి కూడా కాసేపు తటపటాయించి ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడి భుజం దెబ్బతిన్నది, పైకి లేవదు. ఆ ఊళ్ళో దురాయి, అంటే ఊరు కట్టిన వెలి, ఉన్నదే ఆ మనిషి మీద. అతని వెనకే ఉన్న భార్య మొగుడి మొహం చూసి తనూ ఎత్తింది. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అతని తల్లి వాళ్ళందరికంటే ముందు ఎత్తిన చెయ్యి అందరికంటే ఆలస్యంగా దించింది. అంతటితో ఆ వ్యవహారం తేలిపోయిందనుకుని నేనూ, మా మేనకోడలూ ఊపిరి పీల్చుకున్నాం. ఇక తేలకుండా పోయింది కూడా సరిగ్గా అప్పుడే.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు మళ్ళీ కదలడానికి కారణం మా మేనకోడలి ఫోను. పోయిన వారం ఒక పొద్దున కాఫీ తాగుతూ, అలవాటు చావక, పేపర్లో జిల్లా పేజీ తప్పులు వెతుక్కుంటున్నాను. రిటైరైన విలేకరికి అంతకంటే చవకైన వినోదం లేదు. "మావయ్యా, నిన్న క్లాసులో ఆ ఊరి పాఠం చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, 'తర్వాత ఏమైంది మేడమ్' అంది. తెలీదని చెప్పలేను, తెలుసని చెప్పలేను. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను. నువ్వోసారి వెళ్ళి చూసి రాగలవా?" అని అడిగింది. నేను ఉండేది బందర్లోనే. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడ బస్సు మారితే కోడూరు, ఆపైన హంసలదీవి దారిలో ఆటో. ఈ వయసులోనూ అదేం పెద్ద ప్రయాణం కాదు. కష్టమల్లా ఏ మొహం పెట్టుకుని వెళ్ళి ఆ తల్లి కూర్చునే అరుగు ముందు నిలబడాలన్నదే. అయినా వెళ్ళాను. వెళ్ళొచ్చాక దానికి ఏం చెప్పాలో తెలియక, ముందు కాగితం మీద పెడుతున్నాను.

మా మేనకోడలు చెప్పే పాఠం శాంతి. ఎక్కడో దూరాన పెద్ద యూనివర్సిటీలో ఆ విభాగం పేరే అహింసా ప్రతిఘటన, శాంతి అధ్యయనం. జనం చేతుల్లో ఆయుధం లేకుండా బలవంతుల్ని ఎలా ఎదిరించారు, ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఓడారు, గెలిచినచోట ఏం చేస్తే గెలిచారు అనేది వాళ్ళు లెక్కలు వేసి పరిశీలిస్తారు. మా బావగారు గుడివాడ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. కూతురు బ్యాంకు పరీక్షలు రాస్తుందని ఆయనా, మా అక్కా ఎదురు చూస్తుండగా ఆ పిల్ల వెళ్ళి శాంతిలో పీహెచ్‌డీకి చేరింది. మా అక్క సంబరంగా ఆ సంగతి పక్కింటావిడకు చెబితే, ఆవిడ "నవగ్రహ శాంతులా వదినగారూ? అవి కూడా ఇప్పుడు ఆడపిల్లలు చేయిస్తున్నారా?" అని అడిగిందట. అప్పట్నుంచీ ఎవరడిగినా మా అక్క "హిస్టరీ లాంటిదేలెండి" అని తప్పించుకునేది. బావగారు మాత్రం భోజనాల దగ్గర కూతుర్ని వదిలేవారు కాదు. "మీ సబ్జెక్టులో ఫెయిలైనవాళ్ళు ఏం చేస్తారే? కొట్టుకుంటారా?" అనేవారు. సెలవులకు వచ్చినప్పుడు అది మా ఇంటికి వచ్చి, నా పాత పేపర్ల కట్టలు ముందేసుకుని కూర్చునేది. ఒకరోజు తలెత్తి, "మావయ్యా, 'బంద్ ప్రశాంతం' అని రాశారు. ప్రశాంతం అంటే ఏంటి?" అని అడిగింది. "బస్సు అద్దం పగల్లేదని." "పగిలితే?" "స్వల్ప ఉద్రిక్తత." అదీ నవ్వుతుందనుకుని నేను నవ్వాను. అది మాత్రం నా మాట రాసుకుని మళ్ళీ పేపర్లోకి తల దించింది.

దురాయి సంగతి దానికి మొదట చెప్పింది నేనే. సముద్రం మీద బతికే ఊళ్ళలో పెద్దల సభ వేసే నిషేధాన్ని దురాయి అంటారు. ఫలానా వల వేయకూడదు, ఫలానా రోజుల్లో ఏట్లో దిగకూడదు, ఫలానా వ్యాపారికి సరుకు ఇవ్వకూడదు అని సభలో చెప్పి, వీధుల్లో టముకు వేయిస్తారు. అంతే, ఊరు కట్టుబడుతుంది. ఎవరైనా తప్పితే ఆ మనిషి మీదే దురాయి పడుతుంది. అప్పుడు అతనితో మాట ఉండదు. నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పడవ ఎక్కించుకోరు, చావుకీ పెళ్ళికీ పిలవరు, వాళ్ళింటికి వెళ్ళరు. కొట్టడం ఉండదు. తిట్టడం కూడా ఉండదు, తిట్టాలంటే మాట్లాడాలి కాబట్టి. దీనికి ఇంకో నియమం ఉంది. వేసినవాళ్ళే ఎత్తాలి. సభలో కూర్చుని, నోటితో "ఎత్తేశాం" అంటే తప్ప దురాయి పోదు. ఇదంతా విని మా మేనకోడలి మొహం వెలిగిపోయింది. ఎక్కడెక్కడి దేశాల్లోనో వెతుకుతున్న వస్తువు ఇంటి పెరట్లో దొరికినట్టు, "ఇదే మావయ్యా సహాయ నిరాకరణ అంటే" అంది. అదే సమయానికి ఆ ఊళ్ళో గొడవ మొదలై ఉంది. నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను.

గొడవ రొయ్యల చెరువుల గురించి. ఊరి పక్కన మురుగుకాలవ వెంబడి బయటినుంచి వచ్చిన ఆసామి ఒకడు చెరువులు తవ్వించాడు. ఉప్పునీళ్ళు ఊరి మంచినీళ్ళ గుంటలోకి ఊరాయి. నాకు వాళ్ళిచ్చిన టీలో పంచదార ఎంత వేసినా అడుగున ఉప్పు తగిలేది. ఊరి పెద్దలు కూర్చుని దురాయి వేశారు: ఆ చెరువు పనికి ఎవరూ పోకూడదు, వలలు ఇవ్వకూడదు, పడవలు ఇవ్వకూడదు. ఆడవాళ్ళు ఇంకాస్త ముందుకు వెళ్ళారు. రోజూ పొద్దున్నే ఇంటి పనంతా నెత్తిన పెట్టుకొచ్చి చెరువు గట్టు మీద దించేవాళ్ళు. ధర్నా అనలేదు, నినాదం అనలేదు. బియ్యం చెరగడం, పిల్లలకు జడలు వేయడం, పేలు చూసుకోవడం, చిరిగిన వల అల్లడం, అన్నీ అక్కడే. కొత్త చెరువు తవ్వడానికి వచ్చిన పొక్లెయిన్ వాళ్ళ ముందు ఆగిపోయేది. డ్రైవరు కిందికి దిగి, చూసి, బీడీ కాల్చుకుని, మళ్ళీ పైకెక్కి కూర్చునేవాడు. జడ వేయించుకుంటున్న పిల్ల మీదికి అంత యంత్రాన్ని ఎట్లా నడుపుతాడు?

ఆ ఆడవాళ్ళకు ముందు నిలిచింది ఒక మామ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మొదటిరోజు చేపలు కోసుకునే కత్తిపీట కూడా గట్టు మీదికి తెచ్చుకుంది. కానిస్టేబులు వచ్చి, "అది మారణాయుధం కిందికి వస్తుంది పెద్దమ్మా, తీసెయ్" అన్నాడు. "మరి చేపలు పళ్ళతో కొయ్యమంటావా బాబూ?" అని అడిగింది. అతనికి ఆ విషయంలో పైనుంచి ఆదేశాలేమీ లేవు. అయినా ఆ సాయంత్రమే ఆవిడ ఆడవాళ్ళందరికీ చెప్పింది, రేపట్నుంచీ గట్టు మీదికి ఇనుప ముక్క రాకూడదని. అప్పట్నుంచీ అక్కడ ఎండుచేపల పచ్చడే కూర. మా మేనకోడలు ఈ ఒక్క సంగతి మీదే క్లాసులో ఓ గంట చెబుతుందట. మామ్మకూ ఈ పిల్ల నచ్చింది. "ఇంతకీ నువ్వేం చదువుతున్నావమ్మాయ్?" అని అడిగింది. శాంతి గురించి అని చెబితే, "మీ కాలేజీలో పిల్లలు బాగా కొట్టుకుంటారా?" అంది. లేదు మామ్మా అంది ఇది. "మరి ఎందుకు దండగ" అని మామ్మ తన ఇంట్లోనే ఒక మూల చాప వేసి, చదువు అయ్యేదాకా అక్కడే ఉండమంది.

ఆ ఇంట్లో దిగాకే అసలు సంగతి తెలిసింది. ఆసామి చెరువుకు కాపలాదారు మామ్మ కొడుకే. ఒక్కగానొక్క కొడుకు. పడవ మీద వల లాగుతుంటే భుజం తొలగి, మళ్ళీ కుదురుకోలేదు. వేటకు పనికిరాని మనిషికి ఆసామి కాపలా పని ఇచ్చాడు. దురాయి వేసేనాటికి చెరువులో రొయ్య ఇంకా పట్టుబడికి, అంటే పట్టి అమ్ముకునే సైజుకి, రాలేదు. పట్టుబడి అయ్యేదాకా ఉంటానని ఇతను ఆసామికి మాటిచ్చి ఉన్నాడు. "మాటిచ్చినోడు మధ్యలో వదిలేసి పోతే ఏం మనిషండీ బాబాయిగారూ? పంట పట్టగానే వచ్చేస్తానని సభలోనే చెప్పాను" అన్నాడు నాతో. సభ ఒప్పుకోలేదు. ఊరి పెద్ద ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఏమంటావు పెద్దమ్మా, నీ కొడుకు గదా" అని మామ్మను అడిగాడట. "ఊరందరికీ ఏదో నా కొడుక్కీ అదే" అందట ఆవిడ. అతని మీద దురాయి పడింది. భార్య కూడా అతనితోపాటే. మామ్మ సభ నుంచి ఇంటికొచ్చి తన పొయ్యి అరుగు మీదికి మార్చుకుంది. ఇల్లు ఒకటే, కప్పు ఒకటే. లోపలి గదిలో కొడుకూ కోడలూ. అరుగు మీద తల్లి. మధ్యలో మాట లేదు.

మా మేనకోడలు ఆ మధ్యలో పడింది. వచ్చిన కొత్తలో దానికి అర్థం కాలేదు. మామ్మ పొద్దున్నే లేచి, గుమ్మంలోకి వినపడేట్టు దీనితో చెప్పేది: "ఇదిగో అమ్మాయ్, గాలి తూర్పుకి తిరిగింది. భుజం నొప్పులున్నోళ్ళు ఇవాళ తలస్నానం చెయ్యకుండా ఉంటే మంచిది."

"నాకు భుజం నొప్పి లేదు మామ్మా."

"నీకని ఎవరన్నారు? గాలి సంగతి చెప్పాను."

ఇంకోరోజు, "పులుసులో ఉప్పెక్కువైంది అమ్మాయ్" అనేది. ఆ పులుసు వండింది కోడలు. మామ్మ దాన్ని తినలేదు, వాసన పట్టి చెప్పింది. లోపల కొడుకు ఆ రోజు తలస్నానం చేసేవాడు కాదు. కోడలు మర్నాడు ఉప్పు తగ్గించేది. ఎవరూ దురాయి తప్పలేదు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. "నువ్వొచ్చాక మా ఇంట్లో మాటలు వినపడుతున్నాయక్కా" అందట కోడలు. చదువు ముగించుకుని వచ్చేసేరోజున ఇది మామ్మను అడిగింది, "నేను వెళ్ళాక ఎవరితో చెబుతావు మామ్మా?" అని. "ఏం చెబుతాను?" అంది మామ్మ, ఏమీ ఎరగనట్టు.

ఈలోగా ఆసామి ఓడిపోయాడు. ఎక్కడినుంచో కూలీలను తెచ్చి ఒక్క పట్టుబడి పట్టించుకుని, కొత్త చెరువులు వదిలేసి వెళ్ళిపోయాడు. మామ్మ కొడుకు తన మాట ప్రకారం మర్నాడే కాపలా పని వదిలేశాడు. చెరువు మీద దురాయి దానంతట అదే పనిలేకుండా పోయింది. మనిషి మీద దురాయి మాత్రం ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు కాబట్టి. మా మేనకోడలు పరిశోధన అయింది, పట్టా వచ్చింది, వ్యాసం అచ్చయింది, ఎవరెవరో మెచ్చుకున్నారు. వాళ్ళ పద్ధతిలో ప్రతి పోరాటానికీ గడులు ఉంటాయట. హింస జరిగిందా, లేదు. లక్ష్యం నెరవేరిందా, నెరవేరింది. ఈ ఊరికి అన్ని గడుల్లోనూ మంచి మార్కులే. ఆ ఇంటి సంగతి ఏ గడిలో పెట్టాలని తన ప్రొఫెసరును అడిగితే, "అది కుటుంబ సంబంధాల కిందికి వస్తుంది, మన సబ్జెక్టు కాదు" అన్నాడట పాపం. ఆయన తప్పేముంది, ఆయన ఆ అరుగు చూడలేదు.

కోడలు మాత్రం అప్పుడప్పుడూ దీనికి ఫోను చేస్తూనే ఉండేది. "మళ్ళీ ఇంట్లో నిశ్శబ్దమేనక్కా. మా అత్త పెద్దదైపోతోంది. పోయేలోపు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, మా ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే చాలు. నాకింకేమీ వద్దు. ఊరు మాట్లాడకపోతే పోనీ." ఇదీ ఆవిడ అడిగింది. మా మేనకోడలికి ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. సరిగ్గా అప్పుడే బావగారి పాత శిష్యుడు ఒకాయన మా వైపు అధికారిగా వచ్చాడు. మంచివాడు, మాస్టారంటే భక్తి. ఇది వెళ్ళి అతనికి సంగతంతా చెప్పింది. ఎవరి మీదా కేసులు వద్దని, మాట్లాడి సర్దుబాటు చేస్తే చాలని బతిమాలింది. అతను అదే చేశాడు. ఊళ్ళోకి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, ఇలాంటి వెలివేతలు ఉంటే చట్టం ఊరుకోదని, లేకపోతే అందరికీ మంచిదని మర్యాదగా చెప్పి, ఉందా లేదా అని అడిగాడు. మొదట చెప్పిన చేతులు అప్పుడు లేచినవే. మర్నాడు పేపర్లో కుర్ర విలేకరి రాశాడు, సమస్య ప్రశాంతంగా పరిష్కారమైందని. ఆ స్థానంలో నేనున్నా ఆ మాటే రాసేవాణ్ణి. నిజంగానే అక్కడ ఏ అద్దమూ పగల్లేదు.

అధికారి కారు వెళ్ళగానే మేం మామ్మ ఇంటికి నడిచాం. కొడుకు మాకంటే ముందే వచ్చి అరుగు ముందు నిలబడి ఉన్నాడు. కోడలు గుమ్మంలో. మామ్మ అరుగెక్కి, కాళ్ళు చాపుకుని, చేటలో ఎండుచేపలు పోసుకుని తలలు తుంచుతోంది.

"అమ్మా, లేదన్నారు గదా అందరూ" అన్నాడు కొడుకు.

మామ్మ మా మేనకోడలి వైపు చూసి, "అమ్మాయ్, ఆ ఆఫీసరుబాబుకి మజ్జిగన్నా ఇచ్చారా? ఎండన పడి వచ్చాడు" అంది.

"మామ్మా, నీ కొడుకు నీతో మాట్లాడుతున్నాడు."

"ఎత్తారా?"

"ఏంటి?"

"పెద్దలు ఎత్తేశామన్నారా? నాకు వినపళ్ళేదే."

"లేదని చెప్పారు కదా మామ్మా అందరూ."

"లేదన్నారు. ఎత్తామన్లేదు."

"మరి నువ్వెందుకు చెయ్యెత్తావు?"

"ఊరందరూ ఎత్తారు" అంది మామ్మ. ఇందులో అడగడానికేముందన్నట్టు చేట దగ్గరికి లాక్కుంది.

నేను చాలా సభలు చూశాను. చాలామంది మొండివాళ్ళను చూశాను. ఆవిడ మొహంలో మొండితనం లేదు, కోపం లేదు. కొడుకు తొడిగిన చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంటే, ఆవిడ చూపు రెండుసార్లు ఆ చిరుగు మీదికి వెళ్ళి వచ్చింది. నాకు కనపడింది. గట్టు మీదికి ఇనుప ముక్క రాకూడదన్న మనిషే ఈవిడ. ఆ రోజు ఆ మాటను నిలబెట్టిన పట్టుదలే ఈ రోజు ఇక్కడ కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతోంది. ఒకటి కావాలి, రెండోది వద్దు అని ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అక్కణ్ణుంచి ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళాం. దురాయి వేసినాయన ఈయనే. పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, పీట వేయించి, "అమ్మాయిగారు చిక్కిపోయారు" అన్నాడు. విషయం చెబితే సూది వలలో గుచ్చి పక్కన పెట్టాడు.

"ఎత్తేద్దామనే అనుకున్నామండీ. ఈ కార్తీకంలో కూర్చుందామని మాటలు కూడా అయ్యాయి. ఇప్పుడెట్టా ఎత్తుతాం? గవర్నమెంటోళ్ళకి లేదని చెప్పాం గదా. లేనిదాన్ని ఎత్తితే ఉన్నట్టే గదండీ? ఇన్నాళ్ళూ ఉందనే గదా? కేసు పెట్టరా?"

"కేసులుండవని ఆయన చెప్పారు" అంది మా మేనకోడలు.

"ఆయన చెప్పారమ్మా. రేపు ఇంకో ఆయన వస్తాడు. పైగా మీరు పుస్తకంలో రాశారంట గదా, మా ఊళ్ళో దురాయి వేశారని."

"అది మీరు గొప్ప పని చేశారని రాశాను బాబాయిగారూ."

"గొప్పగా చేశామనే గదమ్మా. చేశామని."

కార్తీకంలో ఎత్తేసేవాళ్ళమన్నది నిజమో, మా ముందు అన్న మర్యాద మాటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కళ్ళలో మోసం లేదు. బయట ఒకరిద్దరిని అడిగితే అవునన్నట్టే తలలూపారు, ఊ అనలేదు. తిరిగి వస్తుంటే పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటేదాకా మా మేనకోడలు కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది. దాటాక, "నేను ఆ అధికారి దగ్గరికి వెళ్ళకుండా ఉండాల్సింది కదా మావయ్యా" అంది. వెళ్ళకపోతే కోడలి ఫోన్లకు ఏం చెప్పేదానివి అన్నాను. అది జవాబు కాదని మా ఇద్దరికీ తెలుసు. చల్లపల్లిలో బస్సు ఆగితే దిగి రెండు సోడాలు తెచ్చాను. అది ఒక గుక్క తాగి సీసా నాకిచ్చేసింది.

మొన్న వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో మార్పులు బాగానే కనపడ్డాయి. రోడ్డు పడింది. ఆసామి తవ్విన చెరువుల్లో జమ్ము పెరిగి కొంగలు వాలుతున్నాయి. మంచినీళ్ళ గుంట మాత్రం ఇంకా తాగడానికి పనికిరాదు, ట్యాంకరు వస్తోంది. దురాయి వేసిన పెద్ద పోయాడు. ఆయన తర్వాత పెద్దరికానికి వచ్చినతను నా ఈడులో సగం ఉంటాడు, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. "ఆ సంగతి నాకు తెలవదండీ. లేదనే గదా అప్పుడు చెప్పుకున్నారు. లేదు గదా మరి" అని నవ్వాడు. తెలియక కాదు, అతను దాటిపోయేటప్పుడు మామ్మ ఇంటి గుమ్మం వైపు తల తిప్పలేదు.

మామ్మ కొడుకు ఇప్పుడు బందరు దగ్గర గిలకలదిండి హార్బర్లో ఐసు కొట్టే చోట పనిచేస్తున్నాడు. ఒంటిచేత్తో అయ్యే పని చూసుకున్నాడు. సొంత ఊరి పడవలు కూడా చేపలు అమ్ముకోవడానికి అక్కడికే వస్తాయి. "అక్కడ అందరూ మాట్లాడతారు బాబాయిగారూ. ఏం బావా అంటారు, టీ ఇప్పిస్తారు, జోకులేస్తారు. ఊరి రోడ్డు మలుపు తిరగ్గానే ఇక నేనెవరో వాళ్ళకు తెలవదు" అన్నాడు. కోపంగా చెప్పలేదు. అలల గురించి చెప్పినట్టు చెప్పాడు. వారానికోసారి ఇంటికి వస్తాడు. నేను వెళ్ళింది అలాంటి రోజే.

మామ్మ అరుగు మీదే ఉంది. మనిషి ఇంకా చిన్నదైపోయింది. గొంతెత్తి, "బాగున్నావా మామ్మా" అన్నాను. నా మొహం చూసి నవ్వింది, చేత్తో కూర్చోమంది. మాట రాలేదు. కోడలు చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, తలుపు పక్కన నిలబడి చెప్పింది: "పోయిన వానాకాలం నుంచీ ఇంతేనండీ. ఊరి ఆడోళ్ళొచ్చి పలకరించినా చేతి సైగలే. చెవులు పోయాయంటున్నారు. మరి మొన్న నా చేతిలోంచి గిన్నె జారితే ఇటు తిరిగింది. నిన్న వెనకాల టైరు పేలితే కదల్లేదు. నాకేం తెలవట్లేదు." కొడుకు స్నానం చేసి బయటికి వచ్చి, అరుగు అంచున, తల్లికి ఎడంగా కూర్చున్నాడు. "అమ్మా, బాబాయిగారొచ్చారు, చూశావా" అన్నాడు. ఆవిడ వీధిలోకి చూస్తోంది. తల్లి పలకలేదన్న బాధ అతని మొహంలో కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. వినపడని మనిషితో మాట్లాడేవాడి నిశ్చింత ఉంది. పాత రోజుల్లో అతను పిలిచినప్పుడల్లా జవాబు కోసం ఆగేవాడు. ఇప్పుడు ఆగడం లేదు. హార్బర్లో చేపల ధరలు, పడవ ఇంజను చెడిపోవడం, టీ కొట్టు వాడి పెళ్ళి, అన్నీ ఆవిడకు చెబుతూనే ఉన్నాడు.

బందర్లో నాకు తెలిసిన చెవుల డాక్టరు ఉన్నాడని, తల్లిని తీసుకొస్తే నేను దగ్గరుండి చూపిస్తానని అన్నాను. వచ్చిన పనికి ఒక్కటైనా చేసి వెళ్దామన్న ఆరాటం నాది. కోడలు ఆశగా మొగుడి వైపు చూసింది. అతను గొంతు తగ్గించి, తల్లి వైపు ఒకసారి చూసి, "వద్దులెండి బాబాయిగారూ" అన్నాడు. "ఇప్పుడు వినపట్టం లేదు, అందుకే పలకట్లేదు అనుకుంటున్నాను. బాగానే ఉంది. ఆ డాక్టరుగారు చూసి, చెవులకేం జబ్బు లేదు, శుభ్రంగా వినపడుతోంది అంటే, అప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

బస్సు వేళయిందని లేచాను. ఏళ్ళు గడిస్తే ఈ సంగతి దానంతట అదే తేలుతుందని మేమందరం అనుకున్నాం. మేనకోడలూ అనుకుంది, పోయిన ఊరి పెద్దా అనుకుని ఉంటాడు. ఆ గడిచిన ఏళ్ళే ఇప్పుడు దాన్ని తేలకుండా కప్పేస్తున్నాయి. మామ్మ చెవులు ఇంతవరకూ ఎవరూ ఏ డాక్టరుకీ చూపించలేదు.